ఏ పనీ లేనప్పుడు ప్రాసెసర్ ఏం చేస్తుంది?

సూరత్ రింగ్ రోడ్డు వెంట ఉన్న బట్టల మార్కెట్లలో బిల్లింగ్ కంప్యూటర్లు పొద్దున షట్టర్ ఎత్తినప్పటి నుంచి రాత్రి దించేదాకా వెలుగుతూనే ఉంటాయి. బేరం కుదిరి బిల్లు కొట్టే సమయం అందులో కొంతే. మిగతా సమయమంతా ఆ కంప్యూటర్ తర్వాతి మీట ఎప్పుడు నొక్కుతారా అని ఎదురుచూస్తుంది. తెలంగాణ నుంచి వెళ్లిన నేత కుటుంబాలు స్థిరపడిన లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో ఎంబ్రాయిడరీ డిజైన్లు గీసే కంప్యూటర్లయినా, వరాఛా వైపు ముడి వజ్రాన్ని స్కాన్ చేసి ఎక్కడ కోస్తే తరుగు తక్కువో లెక్కగట్టే కంప్యూటర్లయినా అంతే. పని ఉన్నప్పుడు పరుగు, లేనప్పుడు నిరీక్షణ.

ఈ నిరీక్షణలో ప్రాసెసర్ ఏం చేస్తుందన్నది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. కానీ కరెంటు బిల్లు, ల్యాప్‌టాప్ బ్యాటరీ, గదిలో వేడి, యంత్రం సమయానికి స్పందించడం వంటివన్నీ దాని జవాబు మీదే ఆధారపడతాయి. ఆ జవాబును ప్రతి సెకనులో వందల సార్లు నిర్ణయించేది ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్.

ఖాళీగా ఉన్నా కరెంటు ఖర్చే

ప్రాసెసర్‌లో కోట్ల సంఖ్యలో ఉండే ట్రాన్సిస్టర్లు గడియార సంకేతానికి తగ్గట్టు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. ఆ ప్రతి కదలికకూ కొంత విద్యుత్ ఖర్చవుతుంది. ఈ ఖర్చు గడియార వేగంతో పాటు పెరుగుతుంది. వోల్టేజీ విషయంలో అయితే దాని వర్గానికి అనుపాతంలో, అంటే వోల్టేజీ రెట్టింపైతే నాలుగు రెట్లు పెరుగుతుంది. ఇది ఒక రకం ఖర్చు. రెండోది లీకేజీ. ట్రాన్సిస్టర్ మూసుకునే ఉన్నా, దానికి వోల్టేజీ అందుతున్నంతసేపు కొద్దిపాటి విద్యుత్ కారిపోతూనే ఉంటుంది. సరిగా బిగించని కుళాయి నుంచి చుక్కలు పడ్డట్టు.

గడియార సంకేతాన్ని ఆపేస్తే మొదటి ఖర్చు ఆగుతుంది, రెండోది ఆగదు. వోల్టేజీని కూడా తీసేస్తే రెండూ ఆగుతాయి. ప్రాసెసర్ నిద్రలోని దశలన్నిటికీ ఈ తేడాయే మూలం.

ఒకప్పుడు ఈ నిద్రే ఉండేది కాదు. పని లేనప్పుడు కూడా ప్రాసెసర్ ‘పని వచ్చిందా, పని వచ్చిందా’ అని చూసే ఆదేశాలనే తిరగేస్తూ పూర్తి వేగంతో నడిచేది. ‘ఆగి ఉండు’ అని చెప్పే హాల్ట్ ఆదేశం 1978 నాటి ఇంటెల్ 8086లోనే ఉంది. అయినా విండోస్ 95 ఖాళీ సమయంలో దాన్ని వాడేది కాదు. ఆ లోటు తీర్చడానికి విడిగా చిన్న చిన్న ప్రోగ్రాములు పుట్టుకొచ్చాయి. 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి ఏసీపీఐ అనే ప్రమాణాన్ని ప్రకటించాయి. కంప్యూటర్ విద్యుత్ వాడకాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ ఎలా నియంత్రించాలో అది నిర్దేశించింది. ప్రాసెసర్ నిద్ర దశలకు సీ0, సీ1, సీ2, సీ3 అనే పేర్లు అందులోంచే వచ్చాయి.

నిద్రలో మెట్లు

సీ0 అంటే మెలకువ. అప్పుడు ప్రాసెసర్ ఆదేశాలను అమలు చేస్తూ ఉంటుంది. సీ1 కునుకు లాంటిది. గడియారం ఆగుతుంది కానీ వోల్టేజీ ఉంటుంది, పిలిస్తే వెంటనే లేస్తుంది. అంకె పెరిగేకొద్దీ నిద్ర గాఢమవుతుంది. సీ6కు చేరేసరికి ఆ కోర్ తన స్థితిని వేరే చోట భద్రపరచుకుని, తన క్యాష్ మెమరీని ఖాళీ చేసి, దాదాపు వోల్టేజీ లేని స్థితికి వెళ్లిపోతుంది. 2008లో వచ్చిన ఇంటెల్ నెహాలెం ప్రాసెసర్లలో ఒక్కో కోర్‌కు విద్యుత్ సరఫరాను విడివిడిగా కత్తిరించే స్విచ్‌లు చిప్ లోపలే అమర్చారు. దాంతో పక్క కోర్ పని చేస్తున్నా ఇది నిశ్చింతగా గాఢనిద్రలోకి వెళ్లగలదు.

ఫోన్లలో ఉండే ఆర్మ్ ప్రాసెసర్లకు, ఐబీఎం పవర్ ప్రాసెసర్లకు కూడా ఇలాంటి మెట్లే ఉన్నాయి. ఐబీఎం వాళ్లు పవర్8లోని దశలకు న్యాప్, స్లీప్, వింకిల్ అని పేర్లు పెట్టారు. ఇరవై ఏళ్లు నిద్రపోయిన కథానాయకుడు రిప్ వాన్ వింకిల్ పేరే చివరిదానికి వచ్చింది. ఈ దశలను లినక్స్‌లో పని చేయించే కోడ్‌లో చాలా భాగం బెంగళూరులోని ఐబీఎం లినక్స్ ఇంజినీర్లు రాసినదే.

కోర్లన్నీ నిద్రపోతే మరో లాభం ఉంది. అన్నిటికీ ఉమ్మడిగా ఉండే క్యాష్, మెమరీ కంట్రోలర్ వంటి భాగాలు కూడా విశ్రాంతి తీసుకోగలవు. దీన్ని ప్యాకేజీ నిద్ర అంటారు. ఒక్క కోర్ మేలుకుని ఉన్నా ఇది కుదరదు. ఇంట్లో అందరూ పడుకుంటే గానీ హాల్లో లైటు తీయలేం కదా! వెనకాల ఊరికే పని చేసే ఒక్క ప్రోగ్రాం మొత్తం చిప్ నిద్రను చెడగొట్టగలదు.

సిగ్నల్ దగ్గర ఆటో

గాఢనిద్ర అంత మంచిదైతే, పని లేని ప్రతిసారీ అందులోకే ఎందుకు వెళ్లకూడదు? సిగ్నల్ దగ్గర ఆగిన ఆటో డ్రైవర్‌ను అడిగితే జవాబు తెలుస్తుంది. ఎర్ర లైటు ఇంకా 90 సెకన్లు ఉందని తెలిస్తే ఇంజిన్ ఆపేస్తాడు. మూడు సెకన్లే మిగిలి ఉంటే ఆపడు. ఆపి మళ్లీ స్టార్ట్ చేయడానికే ఇంధనం ఖర్చవుతుంది. పైగా పచ్చ లైటు పడగానే కదలకపోతే వెనక వాళ్ల హారన్ల మోత తప్పదు.

ప్రాసెసర్‌కూ ఈ రెండు ఖర్చులే ఉన్నాయి. ఒకటి ఆలస్యం, అంటే పిలుపు వచ్చాక లేచి పని మొదలుపెట్టడానికి పట్టే సమయం. రెండోది నిద్రకు వెళ్లి రావడానికే అయ్యే శక్తి. క్యాష్‌లోని సమాచారాన్ని బయటికి పంపాలి, లేచాక మళ్లీ తెచ్చుకోవాలి, వోల్టేజీని పైకి తేవాలి, గడియారాన్ని స్థిరపరచాలి. కాబట్టి ప్రతి మెట్టుకూ కనీసం ఇంతసేపు నిద్రపోతేనే లాభం అనే హద్దు ఒకటి ఉంటుంది.

లినక్స్ కెర్నల్‌లో ఈ రెండు సంఖ్యలూ పట్టికగా ఉంటాయి. ఇంటెల్ స్కైలేక్ తరం సర్వర్ ప్రాసెసర్ల పట్టికలో సీ1 నుంచి లేవడానికి 2 మైక్రోసెకన్లు, కనీస నిద్ర కూడా 2 మైక్రోసెకన్లే. సీ1ఈ అనే తర్వాతి మెట్టుకు లేవడానికి 10, కనీస నిద్ర 20. సీ6కు లేవడానికి 133, కనీస నిద్ర 600. మైక్రోసెకన్ అంటే సెకనులో పది లక్షలో వంతు. 133 మైక్రోసెకన్లు మనకు ఏమాత్రం తెలియదు కానీ, 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కు అది దాదాపు 4 లక్షల గడియార ఘట్టాలు.

ఒక ఊహాత్మక లెక్క చూద్దాం. ఒక కోర్ తేలిక నిద్రలో 1 వాట్, గాఢనిద్రలో 0.1 వాట్ తీసుకుంటుందనీ, గాఢనిద్రకు వెళ్లి రావడానికి 540 మైక్రోజౌళ్లు అదనంగా ఖర్చవుతుందనీ అనుకుందాం. నిద్ర 200 మైక్రోసెకన్లే సాగితే తేలిక నిద్రకు 200 మైక్రోజౌళ్లు, గాఢనిద్రకు 540, 20 కలిపి 560 మైక్రోజౌళ్లు. ఆదా చేయబోయి దాదాపు మూడు రెట్లు ఖర్చు చేసినట్టు. అదే నిద్ర 5,000 మైక్రోసెకన్లు సాగితే తేలిక నిద్రకు 5,000 మైక్రోజౌళ్లు, గాఢనిద్రకు 1,040 మాత్రమే. ఈ రెండూ సమానమయ్యేది సరిగ్గా 600 మైక్రోసెకన్ల దగ్గర.

లెక్క తేలికే. చిక్కల్లా ఒక్కటే. ఆటో డ్రైవర్‌కు సిగ్నల్ మీద అంకెలు కనిపిస్తాయి, ప్రాసెసర్‌కు కనిపించవు. తర్వాతి పని ఎప్పుడొస్తుందో ముందే ఎవరూ చెప్పరు.

కెర్నల్ వేసే అంచనా

అందుకే కెర్నల్ ఊహించాల్సి వస్తుంది. లినక్స్‌లో ఈ బాధ్యత చూసే విభాగం పేరు సీపీయూఐడిల్. వెంకటేశ్ పల్లిపాడి, షావోహువా లీ, ఆడం బెలే దీన్ని 2007లో కెనడాలోని ఒట్టావాలో జరిగిన లినక్స్ సింపోజియంలో వివరించారు. 2008 జనవరిలో విడుదలైన 2.6.24 కెర్నల్‌తో ఇది అందరికీ అందింది. ఆ బృందం పనిని రెండుగా విడగొట్టింది. ఈ ప్రాసెసర్‌కు ఏ మెట్లు ఉన్నాయి, ఒక్కోదాని ఖరీదెంత అన్నది డ్రైవర్ చెబుతుంది. ఇప్పుడు ఏ మెట్టు ఎంచుకోవాలన్నది గవర్నర్ అనే భాగం తేలుస్తుంది. కొత్త ప్రాసెసర్ వస్తే డ్రైవర్‌ను, మెరుగైన ఊహాపద్ధతి దొరికితే గవర్నర్‌ను మార్చుకుంటే చాలు.

గవర్నర్లలో ల్యాడర్ అనేది నిచ్చెన పద్ధతి. ఒక మెట్టు మీద తగినంత సేపు నిద్ర సాగితే తర్వాతి మెట్టుకు వెళుతుంది. ఎక్కువగా వాడే మెను గవర్నర్ ఇంకాస్త లోతుగా ఆలోచిస్తుంది. మొదట తర్వాతి టైమర్ ఎప్పుడు మోగనుందో చూస్తుంది. ఇది కెర్నల్‌కు కచ్చితంగా తెలిసిన విషయం. కానీ మీట నొక్కడం, నెట్‌వర్క్ నుంచి సమాచారం రావడం వంటివి అంతకుముందే లేపవచ్చు. అందుకే గత అనుభవాన్ని బట్టి ఆ సమయాన్ని కుదిస్తుంది. గత ఎనిమిది నిద్రల నిడివిలో ఏదైనా వరస కనిపిస్తుందేమో కూడా చూస్తుంది. 2019లో 5.1 కెర్నల్‌తో వచ్చిన టీఈఓ గవర్నర్, నిద్ర లేపేవాటిలో టైమర్లదే పెద్ద వాటా అన్న పరిశీలన మీద నిలిచింది. టైమర్‌ను నమ్మితే తప్పయిన సందర్భాలు ఇటీవల ఎక్కువగా ఉంటేనే అది తేలిక మెట్టుకు దిగుతుంది.

టైమర్ల గురించి మరో సంగతి. 2007 ఏప్రిల్‌లో 2.6.21 కెర్నల్ వచ్చేదాకా లినక్స్ పని ఉన్నా లేకున్నా సెకనుకు 100, 250 లేదా 1,000 సార్లు ప్రాసెసర్‌ను తట్టి లేపేది. గూర్ఖా అర్ధరాత్రి తలుపు కొట్టి ‘పడుకున్నారా’ అని అడిగినట్టే! ఖాళీ సమయంలో ఈ టిక్‌ను ఆపే సదుపాయం వచ్చాకే గాఢనిద్రకు అర్థం ఏర్పడింది. ఏ ప్రోగ్రాం ఎన్నిసార్లు లేపుతోందో చూపించే పవర్‌టాప్ అనే సాధనాన్ని ఇంటెల్ విడుదల చేసిందీ ఆ ఏడాదే.

అంచనా తప్పితే

టిక్‌ను ఆపడం వల్ల కొత్త సమస్య ఒకటి వచ్చి పడింది. గవర్నర్ పొరపాటున నిద్ర చిన్నదే అనుకుని తేలిక మెట్టును ఎంచుకుంటే, ఆపైన ఎవరూ లేపకపోతే, ప్రాసెసర్ ఆ తేలిక నిద్రలోనే చాలాసేపు ఉండిపోయేది. మళ్లీ ఆలోచించుకునే అవకాశం ఇవ్వడానికి టిక్ కూడా లేదు. జర్మనీలోని డ్రెస్డెన్ సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో పెద్ద సర్వర్ల మీద ఈ తీరును కొలిచి, దానికి పవర్‌నైట్‌మేర్ అని పేరు పెట్టారు. విద్యుత్ పీడకల అన్నమాట. 2018లో వచ్చిన 4.17 కెర్నల్‌లో రఫాల్ విసోత్స్కీ ఈ వరసను తిరగరాశారు. ముందు గవర్నర్‌ను అడుగుతారు. నిద్ర చిన్నదని అది చెబితే టిక్‌ను ఆపరు. అంచనా తప్పినా టిక్ లేపుతుంది, అప్పుడు కెర్నల్ మళ్లీ నిర్ణయం తీసుకుంటుంది. పరిష్కారం అంచనాను మెరుగుపరచడంలో కాక, తప్పును దిద్దుకునే వీలు ఉంచడంలో ఉందన్నమాట.

ఇప్పటి లినక్స్‌లో ఈ తప్పుల చిట్టా ఎవరైనా చూడవచ్చు. సిస్ అనే ఫైల్ వ్యవస్థలో ప్రతి కోర్‌కూ సీపీయూఐడిల్ ఫోల్డర్ ఉంటుంది. అందులో ఒక్కో మెట్టు పేరు, లేవడానికి పట్టే సమయం, కనీస నిద్ర, ఎన్నిసార్లు వాడారు, మొత్తం ఎంతసేపు అందులో గడిచింది వంటివి ఉంటాయి. కొత్త కెర్నల్స్‌లో అబవ్, బిలో అనే రెండు లెక్కలు కూడా కనిపిస్తాయి. నిద్ర మరీ చిన్నదై, ఎంచుకున్న మెట్టు అవసరానికి మించి గాఢమైన సందర్భాలు మొదటిదాంట్లో చేరతాయి. ఇంకా గాఢంగా వెళ్లి ఉండాల్సిన సందర్భాలు రెండోదాంట్లో చేరతాయి.

అమరికలు మార్చితే

కెర్నల్ ఊహను మనం పక్కన పెట్టవచ్చు. బూట్ సమయంలో ఇచ్చే అమరికలు ఇందుకు ఉన్నాయి. గాఢనిద్రకు పైహద్దు విధించవచ్చు. లేదా అసలు నిద్రే వద్దని, పోల్ పద్ధతిలో ఎప్పుడూ తిరుగుతూనే ఉండమని చెప్పవచ్చు. పోల్‌లో ఆలస్యం దాదాపు సున్నా. కానీ పాతకాలం లాగే ప్రాసెసర్ ఖాళీగా కూడా వేడెక్కుతుంది. ఒకే కోర్‌ను రెండు ప్రవాహాలు పంచుకునే చోట ఖాళీగా తిరిగే ప్రవాహం పక్కదాని వనరులను తినేస్తుంది. టర్బో వేగానికి కూడా నష్టమే. మిగతా కోర్లు నిద్రపోయి విద్యుత్, వేడి మిగిల్చితేనే ఒక కోర్ తన సాధారణ వేగాన్ని మించి పరిగెత్తగలదు.

ఇంకో చిన్న మెలిక ఉంది. ఇంటెల్ డ్రైవర్‌కు పైహద్దు సున్నా అని ఇస్తే నిద్ర ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆగేది ఆ డ్రైవర్ మాత్రమే. దాని స్థానంలో ఏసీపీఐ డ్రైవర్ వచ్చి, మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్ చెప్పిన మెట్లనే వాడుకుంటుంది. నిద్ర యథావిధిగా సాగుతుంది.

పైహద్దు తప్పనిసరి అయిన సందర్భమూ ఉంది. బే ట్రయిల్ తరగతికి చెందిన ఇంటెల్ చవక ప్రాసెసర్లు ఉన్న కొన్ని యంత్రాలు లినక్స్‌లో ఉన్నట్టుండి బిగుసుకుపోయేవి. గాఢనిద్ర మెట్లను ఆపేసి సీ1 వద్దే నిలిపితే అవి నిలకడగా నడిచాయి. బ్యాటరీ త్వరగా అయిపోవడం అందుకు చెల్లించిన మూల్యం. కెర్నల్‌లో దిద్దుబాట్లు వచ్చేదాకా చాలామంది ఆ మూల్యం చెల్లించారు. ఆ సలహా ఆ ప్రాసెసర్లకు సరైనదే. కానీ ‘వేగం కావాలంటే నిద్ర ఆపేయండి’ అనే మంత్రంగా దాన్ని ప్రతి కంప్యూటర్‌కూ వాడితే నష్టమే మిగులుతుంది.

ఆ నష్టం ఎంతో ఒక అంచనా వేద్దాం. నిద్ర ఆపడం వల్ల ఒక కంప్యూటర్ ఖాళీ సమయంలో 10 వాట్లు ఎక్కువ తీసుకుంటుందనుకుందాం. రోజుకు 10 గంటలు, ఏడాదికి 300 రోజులంటే 30 యూనిట్లు. వంద కంప్యూటర్లున్న చోట 3,000 యూనిట్లు. ఆ విద్యుత్ అంతా వేడిగా మారి గదిలోకే వస్తుంది. సూరత్ వేసవిలో ఆ వేడిని బయటికి తోయడానికి ఏసీ మళ్లీ కరెంటు తాగుతుంది.

ఏ కంప్యూటర్‌కు ఏది?

తిరిగి సూరత్ కంప్యూటర్ల దగ్గరికి వద్దాం. బిల్లింగ్ కంప్యూటర్ ముందున్న మనిషి సెకనుకు ఐదు మీటలు నొక్కినా, రెండు నొక్కుల మధ్య 2 లక్షల మైక్రోసెకన్ల ఖాళీ ఉంటుంది. 133 మైక్రోసెకన్ల ఆలస్యాన్ని ఏ వేలూ గుర్తించలేదు. ఇక్కడ కెర్నల్ అమరికలను ముట్టుకోనవసరం లేదు. వెనకాల ఊరికే నడిచే ప్రోగ్రాములను తీసేయడమే అసలైన ఆదా.

వజ్రానికి త్రిమితీయ లెక్కలు కట్టే కంప్యూటర్‌లో, లెక్క నడుస్తున్నంతసేపు కోర్లన్నీ మేలుకునే ఉంటాయి. నిద్ర ఆపినా ఆ లెక్క త్వరగా తేలదు. లెక్క కొన్ని కోర్ల మీదే నడిచే సమయంలో మిగతావి నిద్రపోవడం మేలు, పని చేసే కోర్లకు టర్బో అందుతుంది.

మోటారును, లేజర్‌ను నేరుగా కంప్యూటరే నడిపే యంత్రం సంగతి వేరు. ప్రతి కొన్ని పదుల మైక్రోసెకన్లకు ఒక సంకేతం కచ్చితంగా వెళ్లాల్సిన చోట 133 మైక్రోసెకన్ల ఆలస్యమంటే కోత గాడి తప్పడమే. లినక్స్‌తో యంత్ర పరికరాలను నడిపే లినక్స్‌సీఎన్‌సీ వాడుకదారులు ముందుగా ఆలస్యాన్ని కొలిచి, గాఢనిద్ర మెట్లను ఆపేది ఇందుకే. ఇక్కడ వాట్ల కన్నా మైక్రోసెకన్లే విలువైనవి.

అక్కడ కూడా శాశ్వతంగా నిద్ర మాన్పించక్కర్లేదు. కెర్నల్‌లో పీఎం క్యూఓఎస్ అనే ఏర్పాటు ఉంది. దీని ద్వారా ఒక ప్రోగ్రాం ‘నాకు ఇన్ని మైక్రోసెకన్లకు మించిన ఆలస్యం వద్దు’ అని ఒక ప్రత్యేక ఫైల్‌లో రాస్తుంది. ఆ ఫైల్ తెరిచి ఉన్నంతసేపు గవర్నర్ ఆ హద్దు దాటే మెట్లను ఎంచుకోదు. ప్రోగ్రాం ముగిసి ఫైల్ మూసుకోగానే హద్దు తొలగిపోతుంది. 50 అని రాస్తే పైన చెప్పిన సర్వర్ ప్రాసెసర్‌లో సీ6 పక్కకు తప్పుకుంటుంది, సీ1, సీ1ఈ మిగులుతాయి. కోత నడిచేటప్పుడు కునుకు, భోజన విరామంలో గాఢనిద్ర.

అమరిక మార్చే ముందు రెండు కొలతలు తీసుకోవాలి. ప్లగ్ దగ్గర వాట్లు ఒకటి, పనిలో ఆలస్యం మరొకటి. మార్చాక ఆ రెండింటినే మళ్లీ కొలవాలి. ఆలస్యం తగ్గకుండా వాట్లు మాత్రమే పెరిగితే పాత అమరికకు తిరిగి వెళ్లడమే సరైన పని.